అడవిపిల్లకు ఇంగ్లీషు రాదు

“ఆ బట్టలు నేను మల్ల తొడగ బాపూ. నువ్వు గాదు, జనగామ మొత్తం వచ్చి మన గడప ముందట కూసున్నా తొడగ.”

స్పందన మాట పూర్తి కాకముందే గోపాల్ చేతిలోని చాయ్ గ్లాసు ఠపీమని బల్ల మీద పడింది. చాయ్ ఒలికి, సన్మానానికి తెచ్చి పెట్టిన శాలువాల అంచు దాకా పాకింది. విజయలక్ష్మి గబగబా వచ్చి శాలువాలు పక్కకు జరిపి, కొంగుతో బల్ల తుడిచింది. కూతురి వంక చూడలేదు, మొగుడి వంకా చూడలేదు.

నడిమింట్లో సోఫా మీద లంబాడీ దుస్తులు పరచి ఉన్నాయి. అద్దాలు కుట్టిన ఎర్రటి పేటియా లంగా, గవ్వలు వేలాడే కాంచళి రవిక, మోచేయి దాటే తెల్లటి గాజులు. అమెరికా నుంచి వచ్చిన నాటి నుంచీ పెట్టెలోనే ఉన్నవాటిని ఈ పొద్దున గోపాలే తీయించాడు. సాయంత్రం వర్తక సంఘం హాల్లో సభ. బస్టాండు నుంచి రైల్వే స్టేషను దాకా ఫ్లెక్సీలు కట్టారు. వాటి నిండా ఈ బట్టల్లో నవ్వుతున్న స్పందనే.

“ఎందుకు తొడగవ్? అమెరికాల తొడిగినవ్ గదా? గంతమంది తెల్లోళ్ళ ముందట ఆడినవ్ గదా? మనోళ్ళ ముందట అనేసరికి నామోషా?”

“నామోషి గాదు. అవి నావి గావు, కమ్లీ అక్కవి. ఆట ఆమెది, పాట ఆమెది. పోవాల్సింది గూడ ఆమెనే.”

“కమ్లీకి వీసా రాలె. రాకుంటె మనమేం జేస్తం?”

“రాలేదా? అడిగితె గదా బాపూ రానీకి!”

గోపాల్ చూపు శాలువాల మీదికి దించాడు. ఆ ఒక్క క్షణంలో స్పందనకు అర్థమైంది, ఈ సంగతి తండ్రికి కొత్త కాదని.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి ఇంటిదాకా ఆమె ఒక్క ఆశతోనే వచ్చింది. మోసం చేసింది బృందం నడిపే వెంకట్రాం సారు ఒక్కడే అయి ఉంటాడనీ, తండ్రికి చెబితే ఆయన ముందు మండిపడేది ఆ సారు మీదేననీ అనుకుంది. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఆగింది కూడా ఆ ఆశ ఎక్కడ చెదిరిపోతుందోననే.

“నీకు ఎరుకనే అన్నట్టు,” అంది మెల్లగా.

గోపాల్ కిటికీ వైపు తిరిగాడు.

* * *

మహబూబాబాద్‌లో వెంకట్రాం నడిపే జానపద కళాబృందానికి ప్రాణం కమ్లీ. బయ్యారం దగ్గరి తండా మనిషి. ఆమె కాలు కదిపితే కాంచళి గవ్వలు డప్పు కంటే ముందే దరువు అందుకునేవి. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, ఉద్యోగం రాక, బట్టల దుకాణంలో తండ్రి పక్కన కూర్చుంటున్న స్పందన ఒకసారి ఆ ఆట చూసి, నేర్చుకుంటానని పట్టుబట్టింది. జనగామలో పొద్దున్నే రైలెక్కి మహబూబాబాద్‌లో దిగేది. కమ్లీ ఆమెకు అడుగు వేయడం నేర్పింది, పాట నేర్పింది, నడుం దగ్గర పేటియా ఎలా బిగించాలో నేర్పింది.

తర్వాత సాల్ట్ లేక్ సిటీ నుంచి పిలుపు వచ్చింది. ఆ ఊరు పుట్టిన రోజును అక్కడివాళ్ళు ప్రతి జూలైలో పండుగలా చేస్తారు. నడిచి వచ్చిన జనం కట్టుకున్న ఊరు కాబట్టి, ఈసారి ప్రపంచంలో నడక బతుకుగా బతికిన జాతుల ఆటలు ఆడించాలని ఒక సంస్థ అనుకుంది. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన లంబాడీల ఆట కావాలని రాసింది.

బయలుదేరే ముందు, కమ్లీకి వీసా రాలేదన్నారు. స్పందన నమ్మింది. విమానంలో వెంకట్రాం ఆమె పక్కకు వచ్చి కూర్చుని, నవ్వుతూ ఒక మాట చెప్పాడు.

“అక్కడ నువ్వు ఇంగ్లీషు మాట్లాడకు బిడ్డా. అడవిపిల్ల ఇంగ్లీషు మాట్లాడితె వాళ్ళకు నమ్మకం కుదరది. ఏదన్న అడిగితె నేను జెప్త.”

అప్పుడే అడగాల్సింది, అడవిపిల్ల ఎవరు సార్ అని. వేదిక మీది వేషం గురించేమో అనుకుని ఊరుకుంది.

ఊరు దిగగానే కళ్ళు చెదిరాయి. చుట్టూ కొండలు, నడివేసవిలోనూ వాటి నెత్తిన అక్కడక్కడా మంచు. ఎద్దుల బండి వెనక్కి మలుపుకోవడానికి వీలుగా ఆనాడు వేసిన వీధులట, ఒక్కో వీధి మన ఊరి బజారంత వెడల్పు. వీధులకు పేర్లు తక్కువ, అంకెలే ఎక్కువ. ఊరి నడుమ, ఆ ఊరు కట్టినవాళ్ళ రాతి గుడి నుంచి ఎంత దూరమో అదే ఆ వీధి గుర్తు. గుడికి మరమ్మతులు జరుగుతున్నాయి, శిఖరాల చుట్టూ ఇనుప పరంజా, పైన క్రేన్లు. తమ మతం కోసం తరిమివేతకు గురై, ఎడారి దాటి వచ్చి, ఎవరూ ఉండలేమన్న ఉప్పు నేలలో ఇంత ఊరు కట్టుకున్నారని వింటే ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. వాళ్ళ కంటే ముందే ఆ నేల మీద బతికినవాళ్ళు ఏమయ్యారని కూడా అనిపించింది. అడగబోయి, తనకు ఇంగ్లీషు రాదన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకుంది.

ఆటకు ముందు రోజు బృందాన్ని ఒక పాతకాలపు సామాన్ల ప్రదర్శనకు తీసుకెళ్ళారు. అక్కడ రెండు చక్రాల చెక్కబండి ఉంది. ఎద్దులు కొనుక్కోలేని సంసారాలు మనుషులే కాడి పట్టి, ఇల్లంతా అందులో వేసుకుని లాక్కొచ్చిన బండి. దాని పక్కన నిలబడ్డ తెల్లజుట్టు ముసలమ్మ స్పందన వేసుకున్న దుస్తులు చూసి మొహం విప్పార్చుకుని దగ్గరికి వచ్చింది.

“మా ముత్తవ్వ ఇలాంటి బండే లాగింది తల్లీ. దారిలో ఒక బిడ్డను పాతిపెట్టి మళ్ళీ కాడి పట్టింది. మీ వాళ్ళూ ఉప్పు మోస్తూ అలాగే నడిచారట కదా? దారిలో కాన్పులు వస్తే ఏం చేసేవారు? మీ అవ్వ నీకు చెప్పిందా?”

ముసలమ్మ కళ్ళల్లో నీళ్ళున్నాయి. అది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. ఒక ఆడమనిషి తన అవ్వ కథ చెప్పి, ఎదుటి మనిషి అవ్వ కథ అడుగుతోంది. స్పందన అవ్వ జనగామలో గల్లాపెట్టె ముందు కూర్చుని పుట్టింటి చీరల గురించి చెప్పేది. ఏ ఉప్పూ మోయలేదు.

ఆమె తల వంచుకుంది. వెంటనే వెంకట్రాం ముందుకు వచ్చాడు. తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, ఈమె అడవి మనిషనీ, సిగ్గు ఎక్కువనీ, భాష రాదనీ చెప్పి పెద్దగా నవ్వాడు. ముసలమ్మ జాలిగా స్పందన చెయ్యి నిమిరింది.

ఆ నిమిరిన చోట ఇప్పటికీ చుర్రుమంటున్నట్టే ఉంది.

ఆట అయిపోయిన మరునాడు ఉప్పు సరస్సు చూపించారు. నీళ్ళు ఎంతో దూరం వెనక్కి పోయి, తెల్లటి నేల కాళ్ళ కింద కరకరలాడింది. కుళ్ళు వాసన, ఒడ్డు పొడుగునా చిన్న చిన్న ఈగలు. బృందంలో డప్పు కొట్టే ఐలేశ్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని థూ అని ఉమ్మేశాడు. తర్వాత, వెంకట్రాం దూరంగా ఫొటోలు దిగుతుండగా, ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

“కమ్లక్క ఇది జూస్తె మస్తు నవ్వేది. పాపం, పాస్‌పోర్టు వచ్చింది. సంచి గూడ సర్దుకున్నది.”

“వీసా రాలేదు గదనే.”

“వీసాకు తీస్కపోతె గద రానీకి! హైదరాబాద్ పోయిన దినం ఆమెకు చెప్పనే లేదు సారు. మీ నాయిన టికెట్లు కొంటనన్నడంట, బిడ్డను తోలుతె. ఉన్నయేమో గన్నే సీట్లు. నీకు ఎరుక లేదా చెల్లె?”

* * *

“నాకు ఎరుక లేదు బాపూ!” స్పందన అరిచింది. “ఐలేశన్నకు ఎరుక, సారుకు ఎరుక, నీకు ఎరుక. నన్ను గంగిరెద్దును ఆడిచ్చినట్టు ఆడిచ్చిన్రు!”

“మెల్లగ మాట్లాడు. కింద గిరాకులున్నరు.”

“ఉండనియ్!”

గోపాల్ ఇటు తిరిగాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. “పీజీ చదివి దుకాణంల చీరలు మడత పెడుతున్నవ్. నాకు మనసుండదా? నా బిడ్డకు గూడ ఒక పేరు రావాలె అనుకున్న. అందరి బిడ్డలు ఏదో ఒకటి అయితున్నరు. నీకు తొవ్వ దొరికింది, పంపిన. తండ్రిగ అది తప్పా?”

“నాకు పేరు రావాలంటె కమ్లక్క పేరు కొట్టెయ్యాల్నా?”

“ఆమెకేం తక్కువైంది? రేపు ఇంకోటి వస్తది.”

“నాకు గూడ రేపు ఇంకోటి వచ్చేది గదా. నేను ఆగకపోయేదాన్నా?”

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తెల్లచొక్కా, మెడలో కండువాతో వెంకట్రాం లోపలికి వచ్చాడు. గాలి ఎటు వీస్తోందో గుమ్మంలోనే పసిగట్టాడు. అయినా నవ్వు చెదరలేదు.

“ఏందమ్మా, ఇంక తయారు కాలేదు?”

“సార్, సాల్ట్ లేక్‌ల నన్ను లంబాడీ పిల్ల అని ఎందుకు చెప్పినవ్?”

వెంకట్రాం గోపాల్ వంక ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “కళకు కులం ఉంటదా బిడ్డా? ఎవరు ఆడినా అది కళనే గదా. గంత చదువుకున్నదానివి, నువ్వు గిట్ల మాట్లాడితె ఎట్ల?”

“కళకు కులం లేకుంటె, జనగామ గోపాల్ సేటు బిడ్డ ఆడుతున్నదని చెప్పకపోయినవా? వేదిక మీద గంగారం అడవులల్ల పుట్టిన బిడ్డ అని ఎందుకు చెప్పిచ్చినవ్? నేను గంగారం ఎన్నడన్న జూసిన్నా?”

“వాళ్ళు లంబాడోల్లనే అడిగిన్రు మరి.”

“అడిగిన లంబాడోల్లు బయ్యారంల ఉన్నరు గదా!”

వెంకట్రాం నవ్వు మొదటిసారి తగ్గింది. “జూడు సేటూ, నేను అందరి మంచి కోరి చేసిన. ఆ కమ్లీకి అక్కడ మాట్లాడ వస్తదా, తిన వస్తదా? బృందం ఇజ్జత్ పోయేది. నీ బిడ్డను పంపుమని నేను అడిగిన్నా, నువ్వు అడిగినవా?”

గోపాల్ శాలువాలు ఒకదాని మీద ఒకటి సర్దసాగాడు. ఎవరు అడిగారో స్పందనకు అర్థమైంది.

ఇంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డ విజయలక్ష్మి అప్పుడు నోరు విప్పింది. ఎవరితోనో కాదు, నేలతో చెబుతున్నట్టుంది ఆమె గొంతు.

“ఆమె వచ్చింది.”

“ఎవరమ్మా?”

“కమ్లీ. మీరు విమానం ఎక్కిన తెల్లారి వచ్చింది. కింద దుకాణం ముందట నిలబడి, ‘అమ్మా, సంచి సర్దుకున్న, సారు ఫోన్ ఎత్తుతలేడు, ఎప్పుడు పోతరు మనోళ్ళు?’ అని అడిగింది. నేను ఏమని జెప్పాలె? పోయిన్రు అన్న. ఆమె ఎంతసేపో గట్లనే నిలబడ్డది. ఒక చీర తీసి చేతుల పెట్టిన. మెట్టు మీద పెట్టి పోయింది.”

“నాకెందుకు చెప్పలేదమ్మా? ఫోన్ల రోజు మాట్లాడితిమి గదా!”

“అన్నం తిన్నవా అని అడిగిన,” అంది విజయలక్ష్మి. “అదే నోటితోని ఇది జెప్పనీకి రాలె.”

స్పందన సోఫా మీది దుస్తులు ఒక్కొక్కటే మడిచి, పాత దుప్పట్లో మూట కట్టింది. గాజులు పైన పెట్టి ముడి వేసింది.

“ఏడికి?” అన్నాడు గోపాల్.

“బయ్యారం.”

“సభ ఉన్నది బిడ్డా. ఎమ్మెల్యేను పిలిచినం. నా ఇజ్జత్ నడి బజార్ల...”

“ఆమె ఇజ్జత్ మన దుకాణం మెట్టు మీద ఉన్నది బాపూ. అది ఎవరు తీస్కుంటరు?”

ఆమె మెట్లు దిగిపోయింది. వెనక నుంచి వెంకట్రాం అనడం వినిపించింది, “నాలుగు దినాలైతె అన్ని మరిచిపోతది సేటూ, పరేషాన్ గాకు.” ఆ మాటకు ఆమె అడుగు ఇంకా వేగమైంది.

* * *

మహబూబాబాద్‌లో రైలు దిగి బస్సు పట్టుకునేసరికి ఎండ తిరిగింది. బయ్యారం దాటాక ఎర్రమట్టి దారి. వానకు తడిసి కాళ్ళకు పసుపు కుంకుమ కలిపినట్టు అంటుకుంది. తండా అంచున పత్తి చేనులో కమ్లీ కలుపు తీస్తోంది. పాత నైలాన్ చీర, నెత్తిన తువ్వాల. స్పందనను చూసి కూడా కొడవలి ఆపలేదు. సాలు చివరిదాకా తీసుకుంటూ వచ్చి, గట్టు మీద నిలబడింది.

“ఏం తెచ్చినవ్?”

“నీ బట్టలు అక్కా.”

“ఆడ పెట్టు.”

స్పందన మూట గట్టు మీద పెట్టింది. దారి పొడుగునా ఎన్నో మాటలు కూడగట్టుకుని వచ్చింది. చివరికి ఒక్కటే వచ్చింది. “నాకు తెల్వదు అక్కా. నీకు వీసా రాలేదంటె నమ్మిన.”

“నమ్మినవా? నమ్మితె బాగుంటదని నమ్మినవా?”

స్పందన మూట ముడి సవరించింది.

“నా కాలే నీకు ఇచ్చిన గదనే,” అంది కమ్లీ. గొంతు పెంచలేదు. “ఎట్ల ఎయ్యాలె, ఎట్ల తిరగాలె, అన్ని జెప్పిన. చెల్లె లెక్క జూసిన. ఒక్క ఫోన్ జెయ్యలేకపోయినవా? అక్కా, నువ్వు లేకుంట నేనెట్ల పోవాలె అని ఒక్క మాట అడగలేకపోయినవా? అడుగుతె ఆడికాడికే అంత బయట పడకపోయేదా?”

స్పందన ఏడ్చింది. కమ్లీ ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా గడ్డిపోచ తుంచుతూ కూర్చుని, తర్వాత అడిగింది. “ఆ ఊరు ఎట్ల ఉన్నది?”

స్పందన చెప్పింది. కొండలు, వీధులు, పరంజా మధ్య గుడి, మనుషులు లాగిన బండి. ముసలమ్మ అడిగిన ప్రశ్నా చెప్పింది. వెంకట్రాం ఏం చెప్పాడో, సాయంత్రం జనగామలో జరిగే సభ సంగతేమిటో కూడా దాచలేదు.

కమ్లీ కొడవలికి అంటిన మట్టి గీకింది.

“ఆమెకు నువ్వైతె ఏం జెప్పేదానివి అక్కా?”

“నాకేం ఎరుక? మా అవ్వ నేను పుట్టకముందే సచ్చిపోయింది. ఉప్పు ఏడికెల్లి తెచ్చిన్రో, కాన్పులు ఎట్ల జేసిన్రో నాకు ఎవరు జెప్పిన్రు?” ఒక్కసారిగా ఆమె కళ్ళు మండాయి. “నాకు తెల్వదు తల్లీ అని జెప్పేదాన్ని. ఆమె చెయ్యి పట్టుకోని జెప్పేదాన్ని. గా తెల్వదనేది గూడ నాదేనే. దాన్ని గూడ మీరు తీస్కపోయిన్రు!”

కొడవలి గట్టులో కసుక్కున దిగింది.

స్పందన చేతి సంచిలో ఫోన్ మోగింది. తెర మీద ‘బాపు’. కట్ చేయబోతుంటే కమ్లీ చెయ్యి చాచింది.

“ఇటియ్యి.”

మట్టి వేలితో స్పీకరు నొక్కి మాట్లాడింది. “సేటూ, నేను కమ్లీని. నీ బిడ్డ మా చేన్ల ఉన్నది, ఫికర్ జెయ్యకు. పొద్దుమూకి సభ అంటివంట గదా. ఇంకో కుర్సీ ఎయ్యిపియ్యి. నేను గూడ వస్తున్న.”

అటు నుంచి గోపాల్ గొంతు వినిపించింది, మాట కమ్లీతో కాదు. “బిడ్డా, వింటున్నవా? ఆమెను తీస్కరాకు. మైకు ముందట ఆమె నోరు తెరిస్తె నేను మల్ల ఈ ఊర్ల తల ఎత్తలేను. నీ కాళ్ళు మొక్కుత. ఆమెను తీస్కొస్తె, నువ్వు గూడ రాకు.”

తండ్రి నోట కాళ్ళు మొక్కుతానన్న మాట స్పందన పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి వినడం.

కమ్లీ ఫోన్ ఆపి తిరిగి ఇచ్చేసింది. కుండలో నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది.

“ఈ బట్టలు కట్టుకుంటవా అక్కా?” అంది స్పందన, మూట చూపిస్తూ.

“ఎందుకు? ఇవి కట్టుకుంటెనే లంబాడిదాన్నా? నేను గిట్లనే పోత.” తువ్వాల విప్పి దులిపి భుజాన వేసుకుంది. “నీ బాపు మాట విన్నవ్. నా మాట గూడ విను. నాకు ఎవరి తోడు అక్కర లేదు. వస్తె మాత్రం నా పక్కకు నిలబడాలె, నా ఎనక గాదు. నీ ఇష్టం.”

మలుపు దగ్గర మహబూబాబాద్ పోయే బస్సు హారన్ కొట్టింది. కమ్లీ గబగబా నడిచి ఎక్కేసింది. కిటికీ పక్కన కూర్చుని ఎదురుగా చూస్తోంది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

స్పందన మూట చంకన పెట్టుకుని బస్సు దాకా పరుగెత్తింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ఎర్రమట్టిలో. చేతిలో ఫోన్ మళ్ళీ మోగుతోంది.

కండక్టర్ టికెట్ మిషను సర్దుకుంటూ అడిగాడు.

“మహబూబాబాద్‌కా అమ్మా? ఒక్కరా, ఇద్దరా?”